బండల కింది మొరం

తాండూరు బండలు లారీల దిగిన దినం బీరమ్మ కాలు ఒక్కకాడ నిలువలే. గోడకు ఆనిచ్చిన బండల మీద అరచెయ్యి పెట్టుడు, అబ్బ ఎంత సల్లగున్నయో అని మురుసుడు, మళ్ళ పొయ్యి కాడికి ఉరుకుడు. ఇరవై ఏండ్ల సంది పెండనీళ్ళల్ల నానిన చేతులాయె. ఇగ అలుకుడు లేదు, మోకాళ్ళ మీద దేకుడు లేదు. మురవదా మరి?

గా మురిపెం మీద నీళ్ళు పోసిండు మొగడు కురుమయ్య. పాత నేల తవ్వి, మంచి మన్ను నింపి, దిమ్మిస కొట్టినంకనే బండలు పరవాలె. ఏ మన్ను పోద్దామని మేస్త్రి భీమయ్య అడిగితే, "మన రేగడి చేను ఇంటెనుకనే ఉండె. మొరం కోసం గుట్ట దాక బండి కట్టాల్నా? కిందిది ఎవ్వలు జూస్తరు?" అన్నడు.

"రేగడి వద్దు, గుట్ట మీది గులకమన్ను, మొరమే పోయాలె. వానకు ఉబ్బుతది, ఎండకు నెర్రెలిస్తది. వంటింట్ల మామ పోయించింది గదే గద," అన్నది బీరమ్మ.

"నెర్రెలా? చిన్నప్పటి సంది గా వంటింట్లనే తింటున్న, ఒక్కటి జూడలే. మన్ను సంగతి ఆడోళ్ళకేం ఎరుక?" అని నవ్విండు. ఒకప్పుడు తనే పూడ్చిన అత్త కూడ నవ్వింది. భీమయ్య పది దినాలకు వస్తనని పోయిండు.

బీరమ్మ పెండతట్ట దిక్కు జూసింది. నెర్రెలు ఎట్ల కనపడ్తయ్? నెర్రె పడ్డకాడల్లా మన్ను మెత్తి, పెండతోని అలికి, కురుమయ్య గొర్లమంద కాడికెళ్ళి వచ్చేవరకు నేలను అద్దం లెక్క చేసి పెట్టేది ఎవ్వలు? పైంగ "ఇంట్ల కూసొని దినమంత ఏం జేస్తవే?" అని అడుగుడు. పనైనట్టు కనపడకుంటే పని చెయ్యనట్టేనా? అయితే కనపడనియ్యి అనుకున్నది.

తెల్లారి ఆమె పెండ ముట్టలే.

"అలుకవేందే?" అత్త గద్దిచ్చింది.

"బండలే పడ్తున్నయ్ గదత్తా, ఇంకెందుకు?" అన్నది నవ్వాపుకుంట.

ఎండలు మండుతున్నయ్. నాలుగొద్దులకు వెంట్రుకంత గీత పడ్డది. రోజూ లేవంగనే బీరమ్మ దాన్ని చూసుకునుడే. పెరిగినకొద్దీ ఆమెకు పండుగాయె.

ఎనిమిదో నాడు కురుమయ్య తిన కూసుంటె చెంబు ఒరిగింది. నీళ్ళన్ని నెర్రెలకు గుటగుట దిగినయ్. వేలు పెట్టి చూసిండు. వేలంతా మునిగింది.

"గిదెప్పటి సంది?"

"నేను గీ ఇంటికొచ్చినప్పటి సంది. నువ్వొచ్చేవరకు పూడుస్తనే ఉన్న."

కురుమయ్య చేతిల ముద్ద చేతిలనే ఉండె.

తెల్లారి బండి గుట్ట దిక్కు పోయింది. భీమయ్య వచ్చి నేల తవ్వేవరకు వాకిట్ల ఎర్రటి మొరం కుప్పలు పడ్డయ్. "ఎంత మందం పోద్దాం బావా?" అని అడిగిండు. కురుమయ్య బీరమ్మ దిక్కు చెయ్యి జూపిండు.

"అక్కనడుగు," అన్నడు.

"జానెడు," అన్నది బీరమ్మ.

"ఎవ్వల జాన అక్కా? బావదా, నాదా?"

బీరమ్మ తవ్విన జాగల దిగింది. గోడ మొదట్ల చెయ్యి ఆనిచ్చి వేళ్ళు చాపింది.

"నాది."