పాతాళకోట దాటిన రోజు

ఆదివారం ప్రగతి నగర్ చెరువు దగ్గర పాత పుస్తకాల బండి మీద రసజ్ఞకు 'పాతాళకోట' కనిపించింది. కథలో మలుపు వచ్చినప్పుడల్లా చదివేవాళ్ళే దారి ఎంచుకుని, ఆ పేజీకి వెళ్ళాల్సిన పుస్తకం అది. చిన్నప్పుడు భీమవరంలో అక్క సుష్మే పైకి చదివేది, దారులూ తనే ఎంచుకునేది. రసజ్ఞ నోరు తెరిస్తే, "నీకు తెలీదు, ఊరుకోవే" అనేది. ఎన్నిసార్లు వెళ్ళినా ఇద్దరూ కోటలోనే చచ్చిపోయేవారు.

మర్నాడు మాదాపూర్ ఆఫీసులో భోజనాల దగ్గర రసజ్ఞ ఆ పుస్తకం తెరిచింది. ఎదురుగా కూర్చున్న నరేందర్, ఆమె టీములోనివాడే, డబ్బా పక్కకు జరిపి తొంగిచూశాడు.

చివరి ద్వారం దగ్గర రాక్షసుడు అడ్డంగా నిలబడి ఉన్నాడు. పోరాడితే ఒక పేజీ, పారిపోతే ఒక పేజీ, మాట కలిపితే ఇంకొకటి. అలవాటు కొద్దీ రసజ్ఞ కత్తి దూసింది. పేజీ తిప్పగానే ప్రాణం పోయింది.

"గిదేంది, అప్పుడే సచ్చినవా?" అన్నాడు నరేందర్.

"మా అక్క ఎప్పుడూ ఇదే ఎంచుకునేది."

"మీ అక్క సంగతి ఇడిసిపెట్టు. నువ్వైతే ఏం జేస్తవ్?"

ఆ పుస్తకం ముందు కూర్చున్నప్పుడు ఆ మాట తనను ఎవరూ అడగలేదు. రసజ్ఞ పేజీ వెనక్కి తిప్పింది. "రాక్షసుడితో కబుర్లేంటే" అని అక్క కొట్టిపారేసిన దారి పట్టింది.

రాక్షసుడు ఈటె దించాడు. తనను పలకరించినవాళ్ళే ఇంతవరకూ లేరన్నాడు. తాళంచెవి ఆమె చేతికిచ్చాడు.

"బయటపడ్డాను!" రసజ్ఞ అరుపుకి పక్క టేబుళ్ళవాళ్ళు తిరిగి చూశారు. వెంటనే నిజాంపేటలో ఉన్న అక్కకు ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టింది.

"అక్కా, పాతాళకోట దాటేశాను! ఊరికే మాట కలిపితే తలుపు తీశాడు."

అవతల సుష్మ పకపకా నవ్వింది. "అయితే ఇన్నాళ్ళూ మనిద్దర్నీ చంపింది నేనేనన్నమాట! నువ్వు మొత్తుకుంటూనే ఉన్నావు కదే. సరే, బయట ఏముంది? చదువు, వింటాను."

"జర గట్టిగ చదువు, అందరం ఇంటం" అన్నాడు నరేందర్.

రసజ్ఞ లేచి నిలబడి, గొంతెత్తి చివరి పేజీ చదివింది. కోట వెలుపల కొండగాలి, తెల్లారుతున్న ఆకాశం, కిందికి దిగే బాట. ఒక్కొక్కరే కుర్చీలు ఇటు తిప్పుకున్నారు. 'సమాప్తం' అనగానే నరేందర్ ఈల వేశాడు. ఫోన్లో అక్క చప్పట్లు కొట్టింది. టేబుళ్ళన్నీ అందుకున్నాయి.