మైలోతో గడ్డికొండ మీదికి

దగ్గరికి జరుగు తల్లీ, ఆ ఫోను పక్కన పెట్టి చెవి ఇటు పడెయ్యి, కమలం మనసులో ఆ పొద్దున ఏం పారిందో చెబుతాను, ఇది కుక్కా గాలివానా అనుకుంటోంది కమలం, తాడు అరచేతిని కోసేస్తోంది, ముందు మైలో, వెనక తను, వాళ్ళుండే చోవా చూ కాంగ్ ఫ్లాట్ల వెనక గడ్డికొండ ఇంకా మొదలే కాలేదు, మోకాలు అప్పుడే మూలుగుతోంది, పోయిన వారం ఇక్కడే కదూ బోర్లా పడింది, మోచెయ్యి దోక్కుపోయి ఇంటికెళితే కొడుకు హరిదాస్ తలుపులోనే నిలబడి, అమ్మా, ఇంకొక్కసారి పడ్డావంటే దీన్ని బూన్ లేలో అక్క ఇంటికి పంపించేస్తా, అంతే, అన్నాడు, వాడి కూతురు కీర్తిక పకపకా నవ్వి, నాయనమ్మా, మైలో ఈజ్ వాకింగ్ యూ లా, అంది, కుక్కే నన్ను నడిపిస్తోందట, అననీ, దాని నోరేమన్నా చిన్నదా, కానీ మైలో వెళ్ళిపోతే పొద్దున్నే మంచం పక్కకొచ్చి ముక్కుతో పొడిచి లేపేదెవరు, మొగుడు యర్రయ్య పోయాక ఆ ఇంట్లో తనకోసం ఎదురుచూసేది అదొక్కటే, మిగతా అందరికీ ట్రైన్ తొందర,

ఆగరా, హో, హో, అంటే ఆగితేనా, చిన్నప్పుడు జొహోర్ రబ్బరు తోటలో ఆవుల్ని అదిలించిన గొంతు ఇది, లంగా ఎగ్గట్టి కొండెక్కించేది తనే, పశువుకి ముందు నడవకే కమలం, వెనకుండి తోలు, ఏది దారి తప్పిందో వెనకున్నవాళ్ళకే తెలుస్తుంది, అనేవాడు నాన్న, ఒక్క దూడా తప్పిపోలేదు, మరి వీడికేం రోగం, అదిలిస్తున్నకొద్దీ గుంజుతాడు, గుంజుతున్నకొద్దీ తను అదిలిస్తుంది, అదుగో మళ్ళీ, నడుమెత్తు లాలాంగ్ గడ్డిలోకి దూరాడు, చెప్పు జారింది, పడ్డానురా దేవుడా, లేదు, పక్కన చెట్టుకొమ్మ చేతికందింది, రొప్పుతూ నిలబడితే మైలో కూడా ఆగి వెనక్కి తిరిగి చూస్తున్నాడు, నాలుక వేలాడేసి, ఎటు పోదామనా, నన్నా అడుగుతున్నావు, అయ్యో పిచ్చి సన్నాసీ, వెనక నుంచి అదిలిస్తే ఎవరు పరిగెత్తరు, నిన్ను తోలుతున్నానా ఇన్నాళ్ళూ, నువ్వు ఆవువి కాదుగా,

వాణ్ణి దాటుకుని ముందుకెళ్ళింది, తాడు వదులు చేసింది, రా, అంది, వెనక్కి చూడలేదు, చూస్తే ఆగిపోతాడేమో, తాడు బిగుస్తుందేమో, బిగుసుకోలేదు, మడమల దగ్గర వెచ్చటి ఊపిరి, వస్తున్నాడు, గాడిదకొడుకు వస్తున్నాడు, రాళ్ళ మలుపు, మోకాలి సంగతే గుర్తులేదు, ఎదురుగాలికి చీర కుచ్చిళ్ళు పటపటా కొట్టుకుంటున్నాయి, ఇంకొంచెం, ఇదుగో, కొండ నెత్తి, కింద ఫ్లాట్లన్నీ ఎండలో పెట్టిన వడియాల్లా ఉన్నాయి, ఫోను మోగింది, హరిదాసే, అమ్మా, ఎక్కడున్నావు, పడ్డావా, పడలేదురా, కొండ మీదున్నా, కొండ మీదా, మరి మైలో, నా వెనక, అంది, సరేలేమ్మా, వాడికి కాసిన్ని నీళ్ళు పట్టు, అన్నాడు, బూన్ లే ఊసే లేదు, గెలిచాంరా మైలో, అని వాడి తల రుద్దుతుంటే తను అన్న మాటే మళ్ళీ చెవిలో మోగింది, నా వెనక, ఆవుల వెనక, యర్రయ్య వెనక, పిల్లల స్కూలు సంచుల వెనక నడిచిన మనిషి, ఆ దారులన్నీ తనకూ తెలుసు, ఎప్పుడూ తెలుసు, ముందు నడవడమే ఇవాళ కొత్త.

మర్చిపోకు తల్లీ, నీవాళ్ళకీ చెప్పు, కమలం ముందు నడిచిందని చెప్పు.