కుట్టు టీచర్ ల్యాప్‌టాప్

పాత కంప్యూటర్లు బాగుచేసే ఆ ఇరుకు కొట్లో ఆమె ఒక్కతే మెకానిక్కు. వీధంతా ఆమెను స్క్రూలక్క అనేవారు.

ఓ మధ్యాహ్నం పెయింట్ల కొట్టాయన వచ్చి సంచిలోంచి ల్యాప్‌టాప్ తీసి బల్ల మీద పెట్టాడు. స్క్రూలక్క చూడగానే గుర్తుపట్టింది. ఇటుకంత బరువు, పక్కన సీడీ అర, వెనక ఫోను తీగ గుచ్చే రంధ్రం, ఐదొందల పన్నెండు ఎంబీ మెమరీ. కొత్తగా వచ్చిన రోజుల్లోనే అది అన్నిటికన్నా చవకరకం. ఆయన భార్య, కుట్టు టీచరు, ఆరేళ్ల కిందట ఇక్కడే సెకండ్‌హ్యాండులో కొనుక్కుంది.

"టీచరుగారు బాగున్నారా అన్నయ్యా?"

"వెళ్లిపోయింది. ఇందులో ఉత్తరం రాసిపెట్టి పోయింది. ప్రింటు తీసివ్వమ్మా. వాళ్లక్క నా ప్రాణం తోడేస్తోంది, చూపించాలి." కొట్లో ఏ రంగు అయిపోయిందో చెప్పినట్టు చెప్పాడు.

ఫ్యాను గురగురమంది. తెర నెమ్మదిగా వెలిగింది. ఉత్తరం రెండే వాక్యాలు: నా ఇష్టంతోనే పోతున్నాను. నన్ను వెతకొద్దు.

స్క్రూలక్క వేలు మౌసు మీద ఆగిపోయింది.

ఆ ల్యాప్‌టాప్‌లో గడియారాన్ని నడిపే బొత్తాం సెల్లు ఎప్పుడో చచ్చింది. ఆన్ చేసిన ప్రతిసారీ అది తను పుట్టిన ఏడాది జనవరి ఒకటో తేదీనే చూపిస్తుంది. మారుస్తానంటే టీచరు నవ్వేసింది: "ఇంట్లో వయసు పెరగనిది ఇదొక్కటే, ఉండనీ అక్కా." అందుకే ఆమె రాసుకున్న ఫైళ్లన్నిటి మీదా ఆ పాత తేదీయే ఉంది. ఉత్తరం ఫైలు మీద మాత్రం మొన్న గురువారం తేదీ. అంటే ఎవరో వేరే కంప్యూటర్లో రాసి, పెన్‌డ్రైవులో తెచ్చి ఇందులో వేశారు.

"ఏంటి ఆగావు?" ఆయన బల్ల చుట్టూ తిరిగొచ్చి వెనకే నిలబడ్డాడు. టర్పెంటైన్ వాసన గుప్పుమంది.

"ముసలిది కదన్నయ్యా, నిమ్మళంగా కదులుద్ది."

ప్రింటయిన కాగితం మడిచి జేబులో పెట్టుకుంటూ ఆయన అడిగాడు. "చదివావా?"

"కస్టమర్ల ఉత్తరాలు చదువుతూ కూచుంటే నా పొయ్యి వెలగదు."

"సరే, ల్యాప్‌టాప్ ఇలా ఇవ్వు. తగలబెట్టేస్తా."

"బ్యాటరీ ఉబ్బింది చూడు. మంటలో వేస్తే పేలుద్ది. అది తీసిస్తానుండు."

ఆమె ల్యాప్‌టాప్‌ను బోర్లించి బ్యాటరీ ఊడదీసింది. ఇంతలో ఫోను మోగడంతో ఆయన గుమ్మం వైపు తిరిగాడు. పొట్టభాగాన రెండు స్క్రూలు విప్పితే ఫైళ్లన్నీ ఉండే డిస్కు చేతికొస్తుంది. దాన్ని లాగేసి, అదే సైజు పాడైన డిస్కు తోసి మూత బిగించింది.

"ఇంకా ఎన్ని స్క్రూలమ్మా?"

"అయిపోయింది."

ఆయన ఆమె చేతులకేసి కాసేపు చూసి, సంచి అందుకుని వెళ్లాడు. వీధి మలుపు తిరిగేదాకా ఆమె గుమ్మంలోంచి చూసింది. తర్వాత డిస్కు పట్టుకుని, షట్టరు దించి, టీచరు అక్క నర్సుగా పనిచేసే ఆసుపత్రికి పోయింది. అక్కడినుంచి ఇద్దరూ పోలీసు స్టేషనుకి.

ఆ సాయంత్రమే ఆయన్ని పట్టుకున్నారు. మర్నాడు తనే కొట్టు వెనక గోదాము తాళం తీశాడు. ఖాళీ డ్రమ్ముల వెనక టీచరు దొరికింది. ప్రాణం లేదు.

వారం తర్వాత నర్సు కొట్టుకొచ్చింది. "ఆ డిస్కులో చెల్లి ఇంకేం రాసుకుంది అక్కా?"

"జాకెట్ల కొలతలు."

"ఎవరివి?"

"అందరివీ. అందులో మొదటి పేరు మీది."

నర్సు స్టూలు లాక్కుని కూచుంది.