కట్టకముందే పడిన నీడ

తాన్‌సేగా ఊరి జనం మేయరు ఉపన్యాసం వినరు, నేలకేసి చూస్తారు. ఆయన మీటింగు పెట్టి "ఇది కడతాం, అది కడతాం" అంటుంటే ఆడవాళ్లు నూనెకని షియా గింజలు ఒలుచుకుంటూ, నీడ పడిందా లేదా అని మాత్రం కనుక్కుంటారు. కౌన్సిలు మనస్ఫూర్తిగా అనుకున్న కట్టడానికి అక్కడ నీడ ముందు పడుతుంది, ఇటుకలు తర్వాత వస్తాయి. పొద్దు ఎటు తిరిగినా ఆ నీడ కదలదు. మూడేళ్లుగా స్టేడియం అంటున్నారు. ఆ స్థలంలో మిడత కూర్చునేంత నీడ కూడా లేదు గనక దానికోసం ఎవరూ ఆశా పడలేదు, గొడవా పడలేదు.

ఈసారి పడింది. సంతనాటి మధ్యాహ్నం, జొన్నచేను పక్క బీడులో ప్రసూతి ఆసుపత్రి నీడ పరుచుకుంది. మూడు గదులు, వరండా, పైన నీళ్ల ట్యాంకు.

ఆ కబురు మొదట టిపోకోకే చెప్పారు. నలభై ఏళ్లుగా ఊళ్లో పురుళ్లు పోసేది ఆవిడే. ఆసుపత్రి కావాలని మేయరు గుమ్మం ముందు పదకొండుసార్లు కూర్చున్నదీ ఆవిడే. నొప్పులు పడుతున్న ఒకామెని గాడిదబండి మీద పట్నం తీసుకెళ్తూ దారిలోనే పోగొట్టుకున్నప్పట్నుంచీ ఆవిడది అదొకటే పట్టు.

"నీ పంతం నెగ్గింది మామ్మా!" అంది పక్కింట్లో ఉండే తలాతో అనే ఆవిడ.

"నెగ్గింది. ఇక నేను తమ్ముడి ఊరు పోవాలి," అంది టిపోకో, కోలాకాయ కొరుకుతూ.

"అదేం మాట?"

"చదువుకున్న మంత్రసాని వస్తుందిగా. ఇక నేను పురుడు పోస్తే తప్పట, సర్కారు రూలు. పురుడుకి ఓ సబ్బు, ఓ కోడి, ఓ బుట్టెడు జొన్నలు. అవి రాకపోతే ఏం తినను, నీ పొగడ్తలా?"

మూట కట్టడం మొదలెట్టింది. ఏడుపు లేదు, సాధింపు లేదు. రూలు న్యాయమైనదే. కాని ఆ న్యాయం బరువంతా తీసుకెళ్లి ఒక ముసలిదాని గంజికుండ మీదే ఎందుకు పెట్టాలో కౌన్సిల్లో ఒక్కరూ అడగలేదు.

మేస్త్రీ పారే సామో తెగవాడు. మోసీ తెగవాళ్లుండే ఈ ఊళ్లో సామోవాడు ఎంతటివాణ్నైనా ఎంతమాటైనా అనొచ్చు, వాళ్లూ తిరిగి అనొచ్చు, బావామరదుల వేళాకోళంలాగ. కోపం తెచ్చుకున్నవాడే ఓడినట్టు. ప్లాను కాగితం చంకలో ఇరికించుకుని, నీడ అంచు వెంబడే దారం లాగుతూ వచ్చిన పారే, వరండా కొసన ఆగిపోయాడు.

"మేయరూ! ఒరే నా నౌకరూ! ఇలా రా. ఇదేంటి?"

మేయరు రస్మానే వచ్చి చూశాడు. వరండా కొసన చిన్న గడ్డిపందిరి నీడ. అందులో మూడురాళ్ల పొయ్యి, మీద కుండ, పక్కన మట్టి అరుగు. అరుగుమీద వంగిన వీపొకటి.

"ప్లానులో లేదే!"

"నీడలో ఉంది."

"కుక్క తలకాయలు తినేవాడా, నీకు పని ఇచ్చింది నేనా, నేలా? ఈ పందిరికి మేం ఓటెయ్యలేదు."

"అయితే కట్టొద్దులే. సంతలో మరుగుదొడ్లు నాలుగనుకుని మూడు కట్టారు. నాలుగోదాని నీడలో ఇప్పటికీ మేకలు పడుకుంటున్నాయి. వచ్చిన ప్రతి అధికారీ ఆ మేకల్ని చూసి, ఆ తర్వాత నిన్ను చూస్తాడు. ఇక్కడ ఈ వీపుని కూడా మిగిల్చు, చూసి పోతారు."

చుట్టూ ఉన్న ఆడవాళ్లు పగలబడి నవ్వారు. మేయరు నవ్వు ఆపుకున్నాడు.

"ఇంతకీ ఇది ఎవరి బుర్రలోంచి ఊడిపడింది?"

"చెయ్యెత్తినప్పుడు నీ బుర్రలో ఏముందో నన్నడుగుతావేం? నీ ముగ్గురు పిల్లల్నీ నీ చేతుల్లో పెట్టిందెవరు?"

మేయరు పొయ్యి నీడకేసి చూశాడు. ఓటింగునాడు చెయ్యెత్తుతుంటే, తన పిల్లలు పుట్టిన గుడిసెలోని వేన్నీళ్ల పొయ్యి పొగ ముక్కుకి తగిలిన మాట నిజం. అజెండాలో లేని సంగతి కదా అని ఎవరికీ చెప్పలేదు.

"కట్టు," అన్నాడు చివరికి. "పొగ లోపలికి పోకుండా చూడు."

వానలు వెళ్లేసరికి అన్నీ లేచాయి, గోడలూ పందిరీ కూడా. పట్నంనుంచి మోటారుసైకిలు మీద మంత్రసాని మార్సెలిన్ దిగింది. టిపోకో తమ్ముడు బండి కట్టుకుని వచ్చింది కూడా ఆరోజే. మూట బండెక్కింది. పోయేముందు ఒకసారి చూసిపోదామని టిపోకో ఆసుపత్రి దగ్గర ఆపించింది.

వరండాలో పక్కింటి తలాతో వాళ్ల కోడలు నొప్పులు పడుతూ స్తంభం పట్టుకుని నిలబడింది. గుమ్మం దాటనంటోంది.

"మామ్మ వస్తేనే లోపలికొస్తా!"

"ఎవరా మామ్మ?" మార్సెలిన్ చుట్టూ చూసింది, బండి మీది ముసలామె కనబడింది. "నువ్వేనా? దిగు మామ్మా. పురుడు నేను పోస్తా, తోడు నువ్వుండు. వేన్నీళ్లు, వీపు రుద్దడం, ధైర్యం చెప్పడం నీవి. పురుడుకి వాళ్లిచ్చే సబ్బూ కోడీ కూడా నీవే, నాకు జీతముంది. కోడి కూర మాత్రం ఓ గిన్నెడు పంపించు."

టిపోకో దిగి, ఆ పిల్ల తల నిమిరి లోపలికి పంపింది. పందిట్లోకి వెళ్లి, కుండ పొయ్యికెక్కించి, అరుగుమీద చతికిలబడింది. ఎన్నాళ్లనుంచో అక్కడ కూర్చుని ఉన్న వీపు నీడలో ఆవిడ వీపు ఇమిడిపోయింది. ఓ బెత్తెడు ఎడమకి జరగాల్సొచ్చింది, అంతే.

"అక్కా, పొద్దెక్కుతోంది! బయల్దేరదామా?" తమ్ముడు కేకేశాడు.

"మూట దింపరా," అంది టిపోకో, పొయ్యి ఊదుతూ. "నీళ్లు తోడే ముంత అందులోనే ఉంది."