నూట యాభై దినార్ల గొంతు

దొరబాబుతో జ్ఞానమ్మకున్న చిక్కల్లా ఒక్కటే. మామూలుగా నిజాలే మాట్లాడే మొగుడు, టేపురికార్డరు ముందు కూర్చుంటే చాలు, జమీందారైపోతాడు. మొగుణ్ణెలాగూ దాచడం కుదరదు, టేపురికార్డరునైనా దాచాల్సిందని ఆమె విచారం.

ఇద్దరికీ కువైట్లోని రుమైథియాలో ఒకే ఇంట్లో పని. ఆమెది వంట, అతను డ్రైవరు. ఉత్తరం రాయడానికి బద్ధకించి, ఊళ్లో ఉన్న అక్క సంజీవమ్మకు క్యాసెట్లో మాటలు నింపి పంపేవాడు. పోలియో కాలుతో ఒంటరిగా బతికే ఆవిడకు వికలాంగుల పింఛనే ఆధారం. క్రిస్మస్‌కి పంపిన క్యాసెట్లో, తన జీతం నూట యాభై దినార్లనీ, నెలనెలా పంపుతాననీ, అక్కకింక లోటేమిటనీ అన్నాడు. నిజానికి వచ్చేది యాభై. పంపింది రెండుసార్లు. ఆవిడ తమ్ముడి గొంతు వాకిట్లో గట్టిగా పెట్టుకుని మురుస్తుంటే, పింఛన్ల విచారణకొచ్చిన మండలాఫీసు గుమాస్తా కూడా నిలబడి విన్నాడు. పోషించే తమ్ముడున్నాడని రాసుకుపోయాడు. పింఛను ఆపేశారని జూలైలో ఉత్తరం వచ్చింది.

దొరబాబు గుమాస్తాను తిట్టాడు. అంత గట్టిగా పెట్టినందుకు అక్కను తిట్టాడు. క్యాసెట్టు కంపెనీనీ వదల్లేదు. తనను మాత్రం మర్యాదగా వదిలేశాడు.

ఆగస్టులో ఇరాక్ సైన్యం వచ్చిపడింది. వీసా ఇచ్చిన యజమాని కఫీలూ, ఇంటావిడ మామా సౌదీ వెళ్లిపోయారు. జీతం ఖలాస్, టపా ఖలాస్. సంజీవమ్మకు ఇటు తమ్ముడి డబ్బూ లేదు, అటు సర్కారు డబ్బూ లేదు. కాయితం మీద మాత్రం నూట యాభై దినార్ల రాబడి.

సెప్టెంబరులో ఒకరోజు, పక్కింటి వంటమనిషి సైమన్ మర్నాడు ఊరికి బయల్దేరుతున్నానని చెప్పిపోయాడు. అతనిదీ సంజీవమ్మ మండలమే. మనవాళ్లను ఊళ్లకు చేర్చే జాబితాలో వీళ్ల పేర్లింకా పిలవలేదు. రొట్టెల వరసలో మూడు గంటలు నిలబడి వచ్చిన జ్ఞానమ్మ, చెప్పులైనా విప్పకుండా టేపురికార్డరు తెచ్చి మొగుడి ముందు పెట్టింది.

"ఉత్తరం రాసిస్తాలే," అన్నాడు దొరబాబు.

"ఆ గుమాస్తా నమ్మింది మీ గొంతునండి. దాంతోనే చెప్పండి."

"ఊరంతా వింటారే."

"అప్పుడూ విన్నారుగా."

ఎర్ర మీట ఆమే నొక్కి, గోడకు చేరబడి కాళ్లు చాపుకుంది.

"అక్కా," అన్నాడు దొరబాబు, ఎప్పుడూ లేనంత చిన్న గొంతుతో.

ఇంకొంచెం గట్టిగా అన్నట్టు జ్ఞానమ్మ చెయ్యెత్తింది.

"అక్కా, గుమాస్తాగారిని పిలిచి ఇది వినిపించు. నాకొచ్చేది యాభయ్యే. ఇప్పుడదీ లేదు. నూట యాభై అన్నది నా గొప్పకి. తప్పు ఆయనది కాదు, నీదీ కాదు. నాదే."