నాలుగో సెల్లు

...కాదు మనవరాలా, అది కొట్టేసి రాయి. "సాయం చేసేది" కాదు, "చేసేది". మన షాపులో బ్యాటరీల పరీక్షంతా ఇరవై ఏళ్లు మీ అమ్మే చేసేది. బోర్డు మీద పేరు నా కొడుకుది, అదే మీ నాన్నది. ఎవరన్నా అడిగితే, "ఇంట్లో తోచక వచ్చి నీళ్లు పోస్తుందిలెండి" అనేవాడు.

ఓ రోజు మీ అమ్మ, "నా పేరు కూడా రాయించండి" అంది. మీ నాన్న మూలనున్న పాత కారు బ్యాటరీని కాలితో చూపించాడు. "దాన్ని బతికించు, రేపే రాయిస్తా." బేరానికొచ్చినవాళ్లు నవ్వారు. నేనూ నవ్వా. అదీ రాయి.

తను మాత్రం ఆ మాట పట్టుకుంది. వేణ్ణీళ్లతో చిలుం కడిగి, ఆరు సెల్లుల్లో నీళ్లు నింపి, సన్నంగా చార్జింగు పెట్టింది. కూర దించి రావడం, గాజు గొట్టంతో ఒక్కో సెల్లులో నీళ్లు పీల్చి చూడటం. ప్రాణమున్న సెల్లయితే గొట్టంలో ఉండే చిన్న గాజు బుడ్డి పైకి తేలుతుంది. మూడో రోజుకి అయిదు తేలాయి. నాలుగో సెల్లులో మాత్రం వెంట్రుకవాసి లేచేది, ఆగేది. అది లేస్తే బోర్డు మీద తన పేరు తను చదువుకోవచ్చు. కరెంటు బిల్లు మీద కూడా లేని పేరు.

నాకు జాలేసింది. తను అన్నం వడ్డించడానికెళ్లినప్పుడు ఆ సెల్లులో కాస్త యాసిడ్ పోశా. బుడ్డి తేలితే చాలనుకున్నా, బల్బు పెట్టి చూస్తారన్న సంగతి తట్టలేదు.

తిరిగొచ్చి చూస్తే తేలింది! ఆ మొహంలో అంత వెలుగు నేనెప్పుడూ చూళ్లేదు. మీ నాన్నని పిలిచి మరీ హెడ్‌లైటు బల్బు తగిలించింది. వెలిగింది. చూస్తుండగానే ఎర్రబడి ఆరిపోయింది. యాసిడ్‌తో బుడ్డి లేస్తుందమ్మా, ప్రాణం లేవదు.

"గొట్టం చూడటం కూడా రాదు, బోర్డు మీద పేరంట" అన్నాడు వాడు. నేను మెల్లగా ఇంట్లోకెళ్లిపోయా.

మర్నాడు నా చొక్కా ఉతికింది. యాసిడ్ పడ్డ గుడ్డ ఉతికితేనే బయటపడుతుంది. చొక్కా చేతి అంచంతా జల్లెడ. మడతపెట్టి, చిల్లులు పైకి కనపడేలా నా మంచం మీద పెట్టింది.

"దానంతటది లేచేదో, చచ్చేదో... నన్ను చూడనివ్వలేదు కదా మామయ్యా" అంది.

అంతే. మళ్లీ షాపు గడప తొక్కలేదు. మీ నాన్న ఇప్పటికీ ఆ బల్బు కథ చెప్పి అందర్నీ నవ్విస్తాడు.

ఇది షాపుకి పట్టుకెళ్లి వాడికి చదివి వినిపించు. నలుగురూ ఉన్నప్పుడే చదువు తల్లీ.