మరియమ్మ చేతులు

"ఆ చేతులు కొంచెం ఏప్రాన్ కింద పెట్టుకోవే తల్లీ! చూస్తే వచ్చినవాళ్లకి కాఫీ సయిస్తుందా?" అంది అత్త అపొలోనియా.

వాల్‌బుర్గా చేతులు దాచుకుంది. పొద్దున్నించీ బూడిదనీళ్లలో దుప్పట్లు ఉతికిన చేతులు మరెలా ఉంటాయి? బొటనవేలి పక్కన చర్మం పగిలి మండుతోంది. బలిపీఠం మీద పెట్టే మరియమ్మ పటం చూడ్డానికి పొరుగూరి నుంచి ఫాదర్ ఎంగెల్బెర్ట్, చర్చి పెద్దలిద్దరూ వచ్చి ముందుగదిలో కూర్చున్నారు.

డ్యుసెల్‌డోర్ఫ్‌లో ఆమె భర్త క్రిస్పిన్‌ది పెద్ద పేరు. ప్రార్థన చెయ్యనిదే కుంచె ముట్టడనీ, ముట్టాక బొమ్మల గది తలుపు తెరవడనీ, రంగులు నూరే భార్య తప్ప ఎవరూ లోపలికి వెళ్లరాదనీ ఊరంతా చెప్పుకుంటుంది. అంతా నిజమే. కాకపోతే రెండేళ్లుగా అతని కుడిచెయ్యి వణుకుతోంది. మూసిన తలుపు వెనక అతను బయటికి వినబడేలా జపం చదువుతాడు, బొమ్మ ఆమె వేస్తుంది. "బయటపడితే మన నోట్లో మట్టే. మొగుడి పేరు నిలబెట్టుకోవే" అంటుంది అత్త. "వేసేది నువ్వే కావచ్చు, వేయించేది నా భక్తి" అంటాడు మొగుడు. ఆహా, ఏం భక్తి! అయినా సరేననుకుంది. పొయ్యి, బట్టలు, ముసలామె కాళ్లకి కట్లు, వీటన్నిటి మధ్య ఆమెకి ఊపిరాడేది ఆ గదిలోనే. సంతకం అతన్నే చేసుకోనిచ్చింది. కానీ ఈసారి ఒక్క పని చేసింది. మరియమ్మకి తన చేతులు పెట్టింది. బిడ్డ గుడ్డలుతికిన తల్లికి ఇంకెలాంటి చేతులుంటాయి? ఇంతింత పటాల్లో తనవని చెప్పుకోవడానికి ఆమెకి ఆ రెండే ఉన్నాయి.

ముందుగదిలోకి తెచ్చిన పటం చూసి ఫాదర్ తెగ మురిసిపోయాడు. అంతలో మొహం చిట్లించాడు. "అన్నీ కుదిరాయి గానీ, క్రిస్పిన్ గారూ, దేవమాత చేతులేమిటి, పనిమనిషి చేతుల్లా! మా ఊళ్లో నవ్విపోతారు. లిల్లీపూల్లా ఉండాలి. మారిస్తేనే మాకు పటం కావాలి."

"పొరపాటైంది ఫాదర్, మా ఆవిడ చేతులు చూసి వేశాను. కాస్త కాఫీ తాగుతూ ఉండండి, ఇప్పుడే దిద్దేస్తాను" అన్నాడు క్రిస్పిన్.

వేశాడట! వాల్‌బుర్గా ఒళ్లు భగ్గుమంది.

పటం పట్టుకుని ఇద్దరూ బొమ్మల గదిలోకి రాగానే అతను తలుపు మూసి, గొంతు తగ్గించాడు. "సన్నగా, తెల్లగా దిద్దు. తొందరగా కానీ."

"అవి నా చేతులండీ."

"అందుకే కదా ఈ తంటా!" అని మోకాళ్ల మీద కూలబడి మంగళవార్త జపం గట్టిగా మొదలుపెట్టాడు. అవతల కప్పులు చప్పుడవుతున్నాయి. "మా వాడు ప్రార్థనలో ఉన్నాడండీ, కేకు తీసుకోండి" అంటోంది అత్త.

ఆమె తెల్లరంగు తీసుకుంది. కుంచె మరియమ్మ వేళ్ల దాకా వెళ్లి ఆగింది. ఒక్కసారి అద్దితే ఆ కణుపులు పోతాయి, తనూ పోతుంది. దిద్దకపోతే పటం వెనక్కొస్తుంది, ఇల్లు గడవదు. మండుతున్న తన బొటనవేలి వంక చూసుకుంది. ఆ పగులు పటంలో వెయ్యలేదు, భయపడి వదిలేసింది.

తెల్లరంగు తుడిచేసి ఎర్రరంగులో కుంచె ముంచింది. లేచి వెళ్లి తలుపు బార్లా తెరిచింది.

"అమ్మాయ్! తలుపు!" అత్త గావుకేక పెట్టింది. ఫాదర్ చేతిలో కప్పు గాల్లోనే ఆగిపోయింది.

వాల్‌బుర్గా వచ్చి పటం ముందు కూర్చుంది. అందరూ చూస్తుండగా మరియమ్మ కుడిచేతి బొటనవేలి పక్కన ఎర్రటి పగులు గీసింది. చెయ్యి వణకలేదు. వెనక జపం టక్కున ఆగిపోయింది.

"ఆపారేం?" అంది తల తిప్పకుండానే. "చదవండి. ఇంకా ఎడమచెయ్యి మిగిలే ఉంది నాకు."